అలుమ్నై మీట్‌కి వెళ్లి ఓ మూల నిలబడి వచ్చేస్తున్నాను, మానేయమంటారా?

ప్రశ్న: నా వయసు 23. పీజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. కిందటి ఏడాది మా ప్రాంతంలోని యువత కోసం పెట్టిన తొమ్మిది నెలల లీడర్‌షిప్ ప్రోగ్రామ్ పూర్తి చేశాను. అప్పటినుంచి రెండు నెలలకోసారి పాత బ్యాచ్‌ల వాళ్లందరినీ ఒక సాయంత్రం పిలుస్తున్నారు. మొదటి గంట పరిచయాలు, రెండో గంట ఏదో ఒక అంశం మీద చర్చ. రెండుసార్లు వెళ్లాను. అక్కడికి వచ్చేవాళ్లంతా నాకన్నా పదేళ్లు పెద్దవాళ్లు, మంచి హోదాల్లో ఉన్నవాళ్లు. మా బ్యాచ్ వాళ్లతోనే ఓ మూల నిలబడి వచ్చేశాను. ఉద్యోగం కోసం వాళ్లను పలకరించాలంటే చెయ్యి చాచినట్టు అనిపిస్తోంది. ఆ టైమ్‌లో కూర్చుని ఇంటర్వ్యూలకు చదువుకోమని నాన్నగారు అంటున్నారు. వెళ్లమంటారా, మానేయమంటారా?

జవాబు: వెళ్లండి. కాకపోతే వెళ్లే తీరు మార్చుకోండి. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ ఇబ్బంది అంతా మొదటి గంటదే. రెండో గంటలో ఏ అంశం మీద మాట్లాడారో, మీకేమనిపించిందో ఒక్క ముక్క కూడా రాయలేదు. మీ వయసు వాళ్లకు అసలు పని జరిగేది ఆ రెండో గంటలోనే.

ముందు మీ మనసులో గుచ్చుకుంటున్న విషయం చూద్దాం. తెలిసినవాళ్ల పక్కనే నిలబడిపోవడం మీ ఒక్కరి బలహీనత కాదు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ ఇంగ్రామ్, మైకేల్ మోరిస్ 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. వృత్తిలో బాగా స్థిరపడ్డవాళ్లను ఇలాంటి పరిచయ సాయంత్రానికే పిలిచి, ఎవరు ఎవరితో ఎంతసేపు ఉన్నారో తెలిసేలా చిన్న ఎలక్ట్రానిక్ ట్యాగులు తగిలించారు. కొత్తవాళ్లను కలవాలనే వస్తున్నామని ముందుగా చెప్పినవాళ్లు కూడా తీరా వచ్చాక ఎక్కువగా పాత పరిచయస్తులనే కలిశారు. అంతటి అనుభవజ్ఞులకే కాళ్లు అటు లాగుతుంటే, 23 ఏళ్ల మీరు బ్యాచ్‌మేట్స్ పక్కన నిలబడ్డందుకు సిగ్గుపడాల్సిన పనిలేదు.

అయినా ఆ మూల నుంచి కదలమని ఎందుకు చెబుతున్నానంటే, దానికి గట్టి కారణమే ఉంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధన ఇప్పటికీ మా రంగంలో రోజూ పనికొస్తుంది. బోస్టన్ పక్కనున్న ఒక ఊళ్లో కొత్త ఉద్యోగాల్లో చేరినవాళ్లను ఆయన కలిసి, ఆ కబురు మీకు చెప్పింది ఎవరు, ఆ మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవాళ్లు అని అడిగారు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ మనిషిని తరచుగా కలిసేవాళ్లు 17 శాతం లోపే. అప్పుడప్పుడూ కలిసేవాళ్లు దాదాపు 56 శాతం, ఎప్పుడో గానీ కలవనివాళ్లు 28 శాతం దాకా ఉన్నారు. ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. మీ ప్రాణ స్నేహితులు తిరిగేది మీరు తిరిగే చోట్లే, వినేది మీరు వినే కబుర్లే. కొత్త కబురు రావాలంటే వేరే చోట తిరిగే మనిషి నుంచే రావాలి.

దీనికి 2022లో వచ్చిన మరో పెద్ద అధ్యయనాన్ని కూడా కలిపి చూడాలి. ఉద్యోగ పరిచయాల వెబ్‌సైట్ లింక్డ్‌ఇన్‌లో సుమారు రెండు కోట్ల మంది పరిచయాలను పరిశీలించారు. ఉద్యోగం మారడానికి ఎక్కువ సాయపడినవి దగ్గరి స్నేహాలు కాదు, ముఖం కూడా గుర్తుండనంత పలచటి పరిచయాలూ కాదు, ఆ రెంటికీ మధ్యనున్నవి. పేరు తెలుసు, పని తెలుసు, రెండు మూడుసార్లు మాట్లాడుకున్నాం అనే స్థాయి అనుకోండి. అలాంటి పరిచయం ఒక్క సాయంత్రంలో కుదరదు. రెండోసారి, మూడోసారి అదే మనిషిని చూసినప్పుడు కుదురుతుంది. మీరు రెండుసార్లు వెళ్లి ఆపేయాలనుకుంటున్నారు. అంటే సరిగ్గా ఫలితం మొదలయ్యే చోట.

ఇక చెయ్యి చాచినట్టు ఉందన్న మాట. ఆ మాట రాసినందుకు మీ మీద గౌరవం పెరిగింది. ఆ ఇబ్బంది మీకు సరైన దారే చూపిస్తోంది. అక్కడ ఉద్యోగం అడగకండి. అడిగినా అవతలి మనిషి చేయగలిగేది తక్కువ. మిమ్మల్ని చూసి పది నిమిషాలైంది, మీ పని చూడలేదు, ఏ ధైర్యంతో మాట సాయం చేస్తారు? "రెజ్యూమె పంపండి, చూస్తాను" అంటారు. ఇద్దరికీ ఇబ్బందే. దానికి బదులు వాళ్ల పని గురించి అడగండి. "మీరు ఈ రంగంలోకి వచ్చిన మొదటి ఏడాదిలో దేనికి ఎక్కువ కష్టపడ్డారు?", "మీ టీమ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లు ఏ పని రాక ఇబ్బంది పడుతున్నారు?" ఈ రెండో ప్రశ్నను నేను దాదాపు అందరికీ చెబుతాను. దానికొచ్చే జవాబు మీ ఇంటర్వ్యూ ప్రిపరేషన్‌కి నేరుగా పనికొస్తుంది, మీ నాన్నగారికి కూడా నచ్చుతుంది. మాట మొదలుపెట్టడానికి దారి కూడా మీ చేతిలోనే ఉంది. మీరిద్దరూ ఒకే ప్రోగ్రామ్ చేశారు. "మీ బ్యాచ్‌లో ఏ ప్రాజెక్ట్ చేశారు?" అంటే చాలు, ఎంత పెద్ద హోదాలో ఉన్నవాళ్లయినా ఒక్క క్షణం మీ వయసులోకి వచ్చేస్తారు.

ఇప్పుడు రెండో గంట. దీని గురించే ఎక్కువ చెప్పాలనుంది.

కొన్నేళ్లు ఇలాంటి సాయంత్రాల్లో చర్చ నడిపించే పని నేను చేశాను. ఒకసారి అంశం తాగునీరు. గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిది మందిమి. ఇంజినీర్లు, అధికారులు, ఒక డాక్టరుగారు. చివరి కుర్చీలో మీ వయసు అమ్మాయి. పావుగంట దాకా నోరు విప్పలేదు. ఒళ్లో నోట్‌బుక్ మడిచి పట్టుకుని, అదే పేజీ మళ్లీ మళ్లీ చూసుకుంటోంది. ఆ పేజీలో ఏముందని అడిగాను. గొంతు సన్నగా వణుకుతుండగా చెప్పింది: "ప్రోగ్రామ్‌లో మా గ్రూపు 40 ఇళ్లకు తిరిగి నీళ్ల గురించి వివరాలు రాసుకుందండీ. అన్ని ఇళ్లకూ పగలే వెళ్లాం. నీళ్లు పట్టేవాళ్లు ఆ టైమ్‌లో పనికి వెళ్లిపోతారు. ఇంట్లో ఉన్న పెద్దవాళ్లు చెప్పిందే రాసుకున్నాం. మా లెక్క తప్పని ఆఖరి వారంలో తెలిసింది." అంతే, నాలుగైదు వాక్యాలు. బల్ల చుట్టూ మౌనం. తర్వాత ఒక ఇంజినీరుగారు ముందుకు వంగి, "మేమూ అదే తప్పు చేస్తున్నాం" అన్నారు. మిగతా చర్చంతా ఆ అమ్మాయి మాట చుట్టూనే తిరిగింది. అయిపోయాక ముగ్గురు తమంతట తామే ఆమె దగ్గరికి వచ్చి పేరు అడిగారు. మొదటి గంటలో ఆ ముగ్గురిలో ఒక్కరితోనూ మాట్లాడే ధైర్యం ఆమెకు లేదు.

అందుకే అంటున్నాను, సిగ్గరి మనుషులకు పరిచయాల గంటకన్నా చర్చా సమయమే సులువు. అక్కడ పలకరింపుల చాతుర్యం అక్కర్లేదు. ఒక విషయం ఉంటే చాలు. ఆహ్వానంలో అంశం ముందే ఇస్తారు కదా, దాని మీద ఒక అరగంట చదవండి. మీరు స్వయంగా చూసింది, చేసింది, తప్పు చేసింది ఏదైనా ఉందేమో వెతకండి. లేకపోతే నిజంగా తెలుసుకోవాలనుకున్న ఒక ప్రశ్న రాసుకోండి. మొదటి ఇరవై నిమిషాల్లోనే మాట్లాడేయండి. ఆలస్యమయ్యేకొద్దీ టెన్షన్ పెరుగుతుంది, మీరు చెప్పాలనుకున్నది ఇంకొకరు చెప్పేస్తారు. నిమిషం దాటకండి. పెద్ద పెద్ద మాటలు వద్దు, నాయకత్వం గురించి ఉపన్యాసం అసలే వద్దు.

ఒక మర్యాద మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇలాంటి చర్చల్లో చాలాచోట్ల చాతమ్ హౌస్ నియమం పాటిస్తారు. లండన్‌లోని చాతమ్ హౌస్ అనే అంతర్జాతీయ వ్యవహారాల అధ్యయన సంస్థలో 1927లో పుట్టిన నియమం ఇది. విన్న విషయాన్ని బయట వాడుకోవచ్చు, కానీ అది ఎవరన్నారో, వాళ్లది ఏ సంస్థో బయటపెట్టకూడదు. ఆ భరోసా ఉంది కాబట్టే పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లు తమ తప్పులు కూడా చెప్పుకుంటారు. ఇంటికెళ్లి ఉత్సాహంలో "ఫలానా ఆయన ఇలా అన్నారు" అని లింక్డ్‌ఇన్‌లో, వాట్సాప్ గ్రూపులో పెట్టారంటే ఆ తలుపు మీకు మూసుకుపోతుంది. ఫోటో పెట్టాలన్నా అడిగి పెట్టండి.

మీకన్నా పెద్దవాళ్లు మిమ్మల్ని భారంగా చూస్తారనే భయం ఉంది కదా, దానికి ఒక పాత సంగతి చెబుతాను. తర్వాత అమెరికా వ్యవస్థాపక నాయకుల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1727లో, 21 ఏళ్ల వయసులో, ఫిలడెల్ఫియాలో కొందరు మిత్రులతో శుక్రవారం సాయంత్రాల చర్చా బృందం పెట్టుకున్నాడు. ప్రతి సమావేశంలో వరసగా ఒకరినొకరు అడగాల్సిన ప్రశ్నలు ముందే రాసి ఉండేవి. కొత్తగా పని మొదలుపెట్టిన యోగ్యులైన కుర్రాళ్లు ఎవరైనా ఉన్నారా, వాళ్లకు మనం ఏ విధంగా ఊతమివ్వగలం అన్నది అందులో ఒకటి. 1731లో వాళ్లు పెట్టిన చందాదారుల గ్రంథాలయం ఆ మాటల్లోంచే పుట్టింది. కొత్తవాళ్లకు చోటివ్వడం ఇలాంటి కూటములకు మొదటినుంచీ ఉన్న పనే. మీరు అక్కడ ఉండటం ఎవరి దయా కాదు.

ఇంటికి వచ్చాక చేయాల్సింది చాలామంది చేయరు. నేనూ మొదట్లో చేయలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకే సాయంత్రం ఇరవై పైగా విజిటింగ్ కార్డులు పోగేసుకుని గర్వంగా ఇంటికొచ్చాను. నెల తర్వాత సొరుగు తీసి చూస్తే ఒక్క కార్డుకీ ముఖం గుర్తురాలేదు. ఎవరికీ ఫోన్ చేయలేకపోయాను. అప్పటినుంచి ఒక్కో సాయంత్రానికి ఇద్దరే అని పెట్టుకున్నాను. మీరూ అంతే చేయండి. బయటికి రాగానే ఫోన్‌లో ఆ ఇద్దరి పేరు, పని, వాళ్లు చెప్పిన ఒక్క మాట రాసుకోండి. మర్నాడు చిన్న మెసేజ్ పెట్టండి: "నమస్తే సర్, నిన్న చర్చలో మీ పక్కన కూర్చున్నాను. కొత్తవాళ్లకు రిపోర్టు రాయడం రావట్లేదని అన్నారు. ఈ నెల అదే నేర్చుకుందామనుకుంటున్నాను. మంచి మాట చెప్పారు, థాంక్యూ." ఇందులో ఏమీ అడగలేదు, గమనించండి. నెల తర్వాత ఇంకో రెండు వాక్యాలు: చెప్పింది చేశానని, ఎంతవరకు వచ్చిందని. ఈ రెండో మెసేజ్ పంపేవాళ్లు నూటికి ఒకరో ఇద్దరో ఉంటారేమో అనిపిస్తుంది నాకు. నాకు అలా పంపినవాళ్ల పేర్లు ఇన్నేళ్ల తర్వాత కూడా గుర్తున్నాయి. ఎక్కడైనా ఖాళీ ఉందని తెలిస్తే ముందు వాళ్లే గుర్తొస్తారు.

మొదటి గంట ఇంకా భయంగానే ఉంటే, పని అడిగి తీసుకోండి. కోఆర్డినేటర్‌కి ముందురోజే ఫోన్ చేసి, రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర కూర్చుంటానని చెప్పండి. వచ్చిన ప్రతివాళ్లూ మీ ముందు ఆగి పేరు చెప్పాల్సిందే. మీరు జాబితాలో టిక్ పెట్టి, బ్యాడ్జి చేతికిస్తూ "మీది ఏ బ్యాచ్ సర్?" అంటారు. పలకరింపు అయిపోయింది. చర్చ సారాంశం రాసే పని దొరికితే మరీ మంచిది. అది అందరికీ చేరుతుంది, కింద మీ పేరు ఉంటుంది, మీ పని ఎలా ఉంటుందో వాళ్లకు చూపించినట్టవుతుంది. చాతమ్ హౌస్ నియమం మాత్రం అక్కడా మర్చిపోకండి.

మీ నాన్నగారి మాట కొట్టేయదగ్గది కాదు. రాతపరీక్షలో ఫెయిలైతే ఏ పరిచయమూ నిలబెట్టదు. పరీక్ష గానీ ఇంటర్వ్యూ గానీ ఉన్న వారంలో మీట్ మానేయండి, తప్పేం లేదు. మామూలు రోజుల్లో అయితే అరవై రోజులకు ఒక సాయంత్రం, అంతే కదా. ఆయనకు అలాగే లెక్క చెప్పండి. ఇంకో మూడుసార్లు వెళ్తానని గడువు కూడా పెట్టుకోండి. ఆ మూడుసార్లలో మీకు తెలియని విషయం ఒక్కటీ వినపడకపోయినా, చర్చ పేరుకే ఉండి ఎవరో ఒకరి ప్రచారంగా మారినా మానేయండి. పాలసీలు, చెయిన్ స్కీములు అంటగట్టేవాళ్లు తగిలితే "నాకు ఆసక్తి లేదండీ" అని మొహమాటం లేకుండా చెప్పి, కోఆర్డినేటర్ చెవిన కూడా వేయండి. తర్వాత ఎవరినైనా విడిగా కలవాల్సి వస్తే పగటిపూట, ఆఫీసులోనో నలుగురూ ఉండే చోటో కలవండి, ఇంట్లో చెప్పి వెళ్లండి.

తర్వాతి ఆహ్వానం ఈపాటికి వచ్చే ఉంటుంది. అందులో అంశం ఏమిటో చూసి, మీ ప్రోగ్రామ్ ప్రాజెక్ట్ ఫైలు ఒకసారి బయటికి తీయండి. మీ గ్రూపు ఎక్కడ పొరపాటు పడిందో ఆ పేజీ నుంచి మొదలుపెట్టండి.