ఓడ దిగి రుచులు చూసే ముందు ఆ మాత్ర పక్కన పెట్టండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 59 ఏళ్లు. షుగర్ వచ్చి పన్నెండేళ్లయింది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రెండు పూటలా వేసుకుంటున్నాను. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర, గ్యాస్‌కు పరగడుపున పాంటోప్రజోల్ వాడుతున్నాను. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 7.8 శాతం. వచ్చే నెల క్రూజ్‌కు వెళ్తున్నాం. ఓడ ఆగే ఒక ఊళ్లో గైడ్ వెంట నడుస్తూ ఏడు చోట్ల తినుబండారాలు రుచి చూసే మూడు గంటల టూర్ బుక్ చేసుకున్నాం. కడుపు పాడవకుండా ముందురోజు రాత్రే ఆఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ మాత్ర ఒకటి వేసుకోమని తెలిసినవాళ్లు చెప్పారు. విరేచనాలు పట్టుకుంటే ఓడవాళ్లు గదిలోంచి బయటికి రానివ్వరట, అందుకని వాటిని ఆపే లోపెరమైడ్ మాత్రలు కూడా కొన్నాను. అక్కడ ఎలాగూ తింటాం కాబట్టి ఆ రోజు ఉదయం టిఫిన్ మానేద్దామనుకుంటున్నాను. ఇంకా ఏ మాత్రలు వెంట తీసుకెళ్లాలి?

జవాబు: ఇంకా ఏ మాత్రలు కావాలని అడిగారు. నా ఆందోళనంతా మీరు ఇప్పటికే కొన్నవాటి గురించి.

ముందు టిఫిన్ సంగతి. గ్లిమెపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. ఆఫ్లాక్సాసిన్ వర్గం యాంటీబయాటిక్స్‌కు కూడా కొంత ఇదే గుణం ఉంది. రెండూ కలిస్తే కొందరిలో షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. పెద్ద వయసువారిలో, షుగర్ మాత్రలు వాడేవారిలో లో షుగర్‌తో కోమాలోకి వెళ్లే ముప్పు ఉందని 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ వర్గం మందులపై హెచ్చరికను మరింత గట్టిగా చేర్పించింది. ఇప్పుడు మీరు అనుకున్నదంతా వరసగా చూడండి. రాత్రి ఆ యాంటీబయాటిక్, పొద్దున షుగర్ మాత్ర, ఖాళీ కడుపు, ఆపైన ఎండలో నడక. ఓడ దిగడానికి క్యూ, గైడ్ దగ్గర అందరూ చేరేదాకా ఎదురుచూపు, తర్వాత మొదటి దుకాణం దాకా నడక. తొలి ముద్ద నోట్లో పడేసరికి రెండు మూడు గంటలు గడిచిపోవచ్చు. అప్పుడు చెమట పట్టి, చేతులు వణికి, తల తిరిగితే మీతో సహా అందరూ ఎండదెబ్బ అనుకుంటారు. చల్లని నీళ్లు తాగించి నీడలో కూర్చోబెడతారు. షుగర్ ఇంకా పడిపోతుంది.

అందుకని టిఫిన్ తినండి, షుగర్ మాత్ర దానితోపాటే వేసుకోండి. రుచి చూసే నడకను మధ్యాహ్న భోజనంగా లెక్కేసుకుని, ఓడకు తిరిగొచ్చాక మళ్లీ బఫేకు వెళ్లకండి. గ్లూకోమీటర్ గదిలో వదిలేయకుండా జేబులో పెట్టుకోండి. ఏమాత్రం తేడా అనిపించినా వెంటనే చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. పెరగకపోతే ఇంకోసారి అంతే. చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు చక్కెర రక్తంలో చేరడాన్ని ఆలస్యం చేస్తుంది. మెలకువ సరిగా లేని మనిషికి నోట్లో ఏదీ పోయకూడదని మీతో వచ్చేవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

షుగర్ ఎక్కువయ్యే వైపు కూడా చూడాలి. చిన్న చిన్న ముక్కలే కదా అని లెక్క వదిలేస్తారు. ఒక్కో చోట 15 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లినా ఏడు చోట్లకు 105 గ్రాములు. మీలాంటివారికి సాధారణంగా ఒక పూటకు చెప్పేది 45 నుంచి 60 గ్రాములే. మాంసం, గుడ్డు, కూరగాయల రకాలు పూర్తిగా తినండి. పిండివంటలు సగం, తీపి ఒక్క ముక్క చాలు. టూర్‌లో మద్యం రుచి చూపిస్తే వద్దనండి. గ్లిమెపిరైడ్ వాడేవారిలో దానివల్ల కొన్ని గంటల తర్వాత, నిద్రలో కూడా షుగర్ పడిపోవచ్చు.

ఇక ఆ ‘ముందు జాగ్రత్త’ యాంటీబయాటిక్. రోజూ మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది సంచిలో ఇది కనిపిస్తుంది, ఎవరు రాశారంటే జవాబు ఉండదు. ఇది మిమ్మల్ని ఏం కాపాడుతుందో ఆలోచించండి. ఓడల్లో ఎక్కువగా పాకే, వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు. గంటల తరబడి బయట ఉన్న అన్నం, క్రీమ్, మాంసం తిన్న 1 నుంచి 6 గంటల్లో వాంతులు మొదలైతే, దానికి కారణం సాధారణంగా ఆహారంలో అప్పటికే తయారై ఉన్న విషపదార్థం. దానిమీదా ఇది పనిచేయదు. బ్యాక్టీరియా వల్ల వచ్చే విరేచనాలు కొన్నిటికి యాంటీబయాటిక్ అవసరమే కానీ, ఏది, ఎన్ని రోజులు అన్నది పరీక్షించిన డాక్టరు తేల్చాలి. అవసరం లేకుండా వేసుకున్న మాత్రతో పేగుల్లో మేలుచేసే సూక్ష్మజీవులు కొన్ని పోతాయి, మిగిలినవి మందుకు లొంగకుండా తయారుకావచ్చు. దయచేసి దాన్ని ఇంట్లోనే వదిలేయండి.

నిజంగా కాపాడేది మీ కళ్లూ చేతులూ. మీ ముందే పొయ్యి మీంచి దింపి, పొగలు కక్కుతూ ఇచ్చింది తినండి. వేడి పదార్థం 60 డిగ్రీల పైన, చల్లనిది 5 డిగ్రీల లోపల ఉండాలి. ఆ మధ్యలో రెండు గంటలకు మించి, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటకు మించి ఉన్నది వదిలేయాలి. గుంపు కోసం ముందే వడ్డించి ఉంచిన పళ్లేలు ఇలాగే చెడతాయి. ‘ఇది ఎప్పుడు వండారు’ అని గైడ్‌ను అడగడానికి మొహమాటపడకండి. పచ్చి ఆల్చిప్పలు మాత్రం ఎవరు ఎంత చెప్పినా ముట్టుకోవద్దు. వాటిలో ఉండగల విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా షుగర్, కాలేయ వ్యాధి ఉన్నవారిలో రక్తంలోకి చేరి ప్రాణం తీయగలదు. నిమ్మరసంలో నానబెట్టిన పచ్చి చేప వండినట్టు తెల్లబడుతుంది గానీ క్రిములు చావవు. ఉష్ణప్రాంతపు సముద్రాల్లో పగడపు దిబ్బల దగ్గర పట్టిన పెద్ద చేపల్లో సిగ్వాటెరా అనే విషం ఉండవచ్చు, అది వండినా పోదు. అలాంటి రేవుల్లో బారకూడా చేప వద్దు. తిన్న తర్వాత మూతి చుట్టూ తిమ్మిరి, చల్లనిది తాకితే మంటగా అనిపించడం దాని గుర్తులు.

ప్రతి చోటా చేత్తో తినే టూర్ ఇది. శానిటైజర్ నోరోవైరస్ మీద సరిగా పనిచేయదు, సబ్బూ నీళ్లూ 20 సెకన్లు కావాలి. నడక మొదలవగానే కుళాయి ఎక్కడెక్కడ ఉందో గైడ్‌ను అడిగి పెట్టుకోండి. అందరూ వేళ్లు పెట్టే ఉమ్మడి పళ్లెం కంటే మీకు విడిగా ఇచ్చిన ముక్క మేలు.

మీరు రోజూ వేసుకునే పాంటోప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. తిండితో వచ్చే క్రిములకు ఆ ఆమ్లమే మొదటి అడ్డు. అందుకే ఇది వాడేవారికి పేగు ఇన్ఫెక్షన్లు కాస్త ఎక్కువ. ఎందుకు మొదలుపెట్టారో, ఇంకా అవసరమో కాదో మీ డాక్టరును అడగండి. మీ అంతట మీరు ఆపకండి.

లోపెరమైడ్ గురించి మీరు రాసింది నాకు నచ్చలేదు. ఓడవాళ్లకు తెలియకుండా ఉండటానికి మాత్ర వేసుకోవడం వైద్యం కాదు. విరేచనం ఆగినా వైరస్ మీ చేతుల నుంచి బఫే గరిటెకు, అక్కడి నుంచి పక్కనున్న ముసలివాళ్లకు, పసివాళ్లకు చేరుతూనే ఉంటుంది. గదిలో ఉండమనేది సాధారణంగా లక్షణాలు తగ్గాక ఒకటి రెండు రోజుల వరకే. జ్వరం, విరేచనంలో రక్తం, జిగట ఉన్నప్పుడు లోపెరమైడ్ వేసుకుంటే జబ్బు ముదరవచ్చు. ఇరవై నాలుగు గంటల్లో మూడుసార్లు నీళ్ల విరేచనం అయితే, లేదా వాంతులతోపాటు కడుపునొప్పి, జ్వరం లాంటిది మరొకటి ఉంటే, వెంటనే ఓడలోని మెడికల్ సెంటర్‌కు ఫోన్ చేయండి. నడిచి వెళ్లకండి, ఏం చేయాలో వాళ్లే చెబుతారు. ఆలస్యం చేయొద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నోరోవైరస్ లక్షణాలు 12 నుంచి 48 గంటల్లో మొదలవుతాయి. అప్పటికి ఓడ నడిసముద్రంలో ఉంటుంది, ఆసుపత్రి ఉన్న రేవు రావడానికి ఎంతసేపు పడుతుందో చెప్పలేం.

పైగా మీ మాత్రలే ఆ సమయంలో తిరగబడతాయి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు టెల్మిసార్టాన్, మూత్రం ఎక్కువ పోయించే హైడ్రోక్లోరోథయాజైడ్ కిడ్నీలను దెబ్బతీయవచ్చు. కిడ్నీ మందగిస్తే మెట్‌ఫార్మిన్ పేరుకుని రక్తంలో ఆమ్లం పెరిగే ముప్పు. ఏమీ తినలేకపోతే గ్లిమెపిరైడ్‌తో లో షుగర్. మామూలుగా తిని తాగడం మొదలై 24 నుంచి 48 గంటలు గడిచే వరకు సాధారణంగా ఇలాంటివి ఆపమంటాం. కానీ మీ కిడ్నీ రిపోర్టులు చూడకుండా మీకు ఏది ఎప్పుడు ఆపాలో ఇక్కడ రాయలేను. మీ డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రం ఆ రోజుల్లో వద్దు.

మీ సంచిలో తప్పక ఉండాల్సింది ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్ పూర్తిగా ఒక లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో కలిపితే ఉప్పు గాఢమై విరేచనాలు పెరుగుతాయి. ప్రతి విరేచనం తర్వాత ఒక గ్లాసు నెమ్మదిగా తాగండి. షుగర్ ఉందని మానేయకండి. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే, అది లేకపోతే ఉప్పు పేగులోంచి సరిగా లోపలికి వెళ్లదు. పళ్లరసం డబ్బాలు దీనికి బదులు కావు.

సముద్రం పడదని ప్రోమెథజిన్ లాంటి మాత్రలు వేసుకుంటే మత్తు, మూత్రం సరిగా రాకపోవడం ఉండవచ్చు. ఆ ఉదయం నడకకు ముందు వద్దు.

టూర్ రోజు చేతి సంచిలో ఒక రోజుకు సరిపడా మాత్రలు, ప్రిస్క్రిప్షన్ నకలు, పాస్‌పోర్టు నకలు, ఓడ ఇచ్చే రోజువారీ కాగితం మీద ఉండే, రేవులో ఓడ తరఫున పనిచేసే ఏజెంటు ఫోన్ నంబరు పెట్టుకోండి. ఊళ్లో ఒంట్లో బాగోలేకపోతే ఓడ మీకోసం ఆగకపోవచ్చు, మాత్రలన్నీ గదిలోనే ఉండిపోతాయి.

బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందే మీ డాక్టరును కలవండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, రక్తంలో పొటాషియం, సోడియం పరీక్షలు చేయించుకోండి. హెపటైటిస్-ఎ, టైఫాయిడ్ టీకాలు మీరు వెళ్లే రేవులకు అవసరమేమో అడగండి. గ్యాస్ వల్ల గుండెల్లో మంటే అనుకుంటున్న నొప్పి నడిచినప్పుడు వచ్చి నిలబడితే తగ్గుతోందంటే టూర్ మాట తర్వాత, ముందు ఈసీజీ.