ముందు దస్తావేజు చదువు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలో కొలంబియా అనే ఊరిని కట్టించిన బిల్డరు జేమ్స్ రౌస్ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి మూడో పేజీ దగ్గర కోపం వచ్చి పక్కన పెట్టేశాను. "జేమ్స్ రౌస్ శూన్యంలోంచి ఒక నగరాన్ని సృష్టించిన దార్శనికుడు" అని రాశావు చూడు, అక్కడ.

శూన్యం ఎక్కడుందమ్మా? రెండు పేరాల తర్వాత నువ్వే రాశావు, 14 వేల పైచిలుకు ఎకరాలు కొన్నారని. ఎకరం అన్నామంటే దానికో రైతు ఉంటాడు, కంచె ఉంటుంది, ఎవరో తాత తవ్వించిన బావి ఉంటుంది. కొలంబియా ఉన్న హోవర్డ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) నేలలో పదో వంతు అది. దాదాపు 140 మంది యజమానుల దగ్గర, కొనేది ఎవరో తెలియకుండా, డమ్మీ కంపెనీల పేర్ల మీద కొన్నారు. సగటున ఎకరం 1,500 డాలర్ల లోపే పడింది. అసలు సంగతి 1963 అక్టోబరు చివర్లో బయటపెట్టారు. అదీ ఎవరి ముందు? ఊళ్ళను ఇష్టమొచ్చినట్టు పెరగనివ్వబోమని చెప్పి ఏడాది కిందటే ఎన్నికల్లో గెలిచిన కౌంటీ కమిషనర్ల ముందు. ఇంత నాటకం చేతిలో పెట్టుకుని నువ్వు "శూన్యం" అని రాశావు.

పేరు దాచి ఎందుకు కొన్నారో మనవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. రాజధాని వస్తుందన్నా, రింగు రోడ్డు వస్తుందన్నా ఎకరం ధర ఏమవుతుందో మన వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. ముందే అమ్మేసుకున్న రైతుకి ఆ నవంబరులో ఎలా అనిపించి ఉంటుంది? ఆ ప్రశ్న నీకు తట్టలేదు. కొలంబియాలో ఇల్లు కొనుక్కుని ఉంటున్నదానివి, నీకు తట్టాలి.

మా నాన్న దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా వేపచెట్టు కింద చిన్న బల్ల, స్టాంపు పేపర్లు, ఇంకు సీసా. నలభై ఏళ్ళు అక్కడే కూర్చున్నారు. సెలవుల్లో నేను పక్కన కూర్చుని నకళ్ళు రాసేవాణ్ణి. "దాన విక్రయాది సర్వాధికారాలతో, పుత్ర పౌత్ర పారంపర్యంగా" అనే మాటలు ఎక్కాల కంటే ముందు వచ్చాయి నాకు. తూర్పు ఫలానా వారి పొలం, దక్షిణం పంట కాలువ, పడమర డొంక, ఉత్తరం మీకు అమ్మగా మిగిలిన మా భూమి. ఆ నాలుగు హద్దులూ రాస్తే ఒక కుటుంబం కథ వచ్చేసినట్టే. భూమితో బతికిన మనిషి గురించి రాయాలంటే అతని ఉపన్యాసాల్లోనూ, అవార్డుల్లోనూ వెతకొద్దు. అతను రాయించిన కాగితాల్లో వెతుకు. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

నీ ఇంటి కాగితాలు బీరువాలోంచి తీసి చూడు. కొలంబియా అసోసియేషన్‌కి ఏటా ఇంత కట్టాలని, ఆ బాకీ ఇంటితో పాటే నడుస్తుందని, ఇల్లు ఎవరు కొన్నా వాళ్ళు కట్టాల్సిందేనని ఉంటుంది. ఇంటి విలువను బట్టి లెక్క. ఆ డబ్బుతోనే చెరువులు, కాలిబాటలు, చెట్లు నిలబడి ఉన్నాయి. 3,600 ఎకరాల దాకా ఖాళీ స్థలం ఆ అసోసియేషన్ చూసుకుంటోంది. "పచ్చదనంతో కళకళలాడే ఊరు" అని రాశావు. ఆ పచ్చదనానికి గడ్డి కోసేవాడి జీతం ఎక్కణ్ణుంచి వస్తోందో రాయలేదు. రౌస్ 1996 ఏప్రిల్‌లో పోయారు. ఆయన పోయి ఇన్నేళ్ళైనా ఆ కాగితం పనిచేస్తూనే ఉంది. పౌరులకు ఆయన మిగిల్చి వెళ్ళినది ఏమిటంటే నేను ముందు దాన్నే చూపిస్తాను.

అదే రకం కాగితంతో ఇంకొకాయన ఏం చేశాడో కూడా నువ్వు తెలుసుకోవాలి. కాన్సస్ సిటీలో జె.సి. నికోల్స్ అని ఉండేవాడు, రౌస్ కంటే ఒక తరం ముందు. కంట్రీ క్లబ్ ప్లాజా కట్టించినవాడు. కార్లలో వచ్చేవాళ్ళ కోసం వేసిన తొలి షాపింగ్ సెంటర్లలో అదొకటి. నీడనిచ్చే వీధులు, శిల్పాలు, ఫౌంటెన్లు, అందంలో వంక పెట్టలేం. కానీ ఆయన అమ్మిన ఇళ్ళ దస్తావేజుల్లో నల్లజాతివారు ఇక్కడ ఉండకూడదని షరతు ఉంది. మార్చడానికి ఎవరూ పూనుకోకపోతే ఆ షరతులు వాటంతట అవే కొనసాగేలా రాయించాడు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో తీర్పు చెప్పింది. ఆయన పేరున్న ఫౌంటెన్‌కీ రోడ్డుకీ ఊరు ఆ పేరు తీసేసింది 2020లో. రౌస్ కొలంబియా తలుపులు తెరిచింది 1967 జూన్‌లో, అన్ని జాతుల వాళ్ళకీ ఇళ్ళు అమ్ముతామని చెప్పి. ఇళ్ళ అమ్మకంలో వివక్ష కూడదన్న దేశవ్యాప్త చట్టం ఆ మరుసటి ఏడు గానీ రాలేదు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెడితే రౌస్ ఎంత పని చేశారో నీ పాఠకుడికి నువ్వు చెప్పకుండానే అర్థమవుతుంది. "దార్శనికుడు" అన్న మాట రాయాల్సిన అవసరమే పడదు.

ఇదంతా నేనేదో పుట్టుకతో తెలిసినవాడిలా చెబుతున్నానని అనుకోకు. 1988లో ఒక వారపత్రికకి, మా పక్క పట్నంలో పెద్ద కాలనీ వేసిన ఒకాయన మీద రాశాను. మంచి మనిషి. కాలనీ మధ్యలో 600 గజాలు పార్కుకని వదిలి, వేప మొక్కలు తనే నాటాడు. నేను చూసి పొంగిపోయి "ఈ పార్కే ఆయన పేరు నిలబెడుతుంది" అని రాశాను. నాన్న చదివి ఒకే మాట అడిగారు: "దస్తావేజు చూశావా?" చూడలేదు. లేఅవుట్‌లో వదిలిన ఖాళీ స్థలాన్ని మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ రాసి రిజిస్టరు చేయించాలని నాకు తెలుసు, నాన్న బల్ల దగ్గర ఎన్ని చూశానో. అయినా అడగలేదు. అలా అడిగితే ఆయన నొచ్చుకుంటాడేమోనని.

పదకొండేళ్ళకి ఆ కాలనీలో ఉండే రిటైర్డ్ టీచరు ఒకాయన మా ఇంటికి వచ్చారు. చేతిలో నా వ్యాసం, మడతల దగ్గర చిరిగిపోతే వెనక టేపు అంటించి ఉంది. కాలనీ వేసిన పెద్దాయన పోయాక వారసులు ఆ పార్కును ప్లాట్లు చేసి అమ్మేశారట. గిఫ్ట్ డీడ్ ఎప్పుడూ రాయనే లేదు. "మీరు పార్కు అని రాశారు కదండీ, ఇది కోర్టులో చూపించవచ్చా?" అని అడిగారాయన. ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. కాఫీ తాగి, కాగితం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఇప్పటికీ ఏ బిల్డరు గురించి చదివినా ఆ టేపు వేసిన కాగితమే కళ్ళ ముందుకొస్తుంది.

అప్పట్నుంచి దస్తావేజులు చూసి రాయడం మొదలుపెట్టాను. అప్పుడు ఎడిటర్లు పట్టుకున్నారు. "సర్వే నంబర్లు పాఠకుడికి ఎందుకండీ? చిన్నప్పుడు పడ్డ కష్టాలు రాయండి" అని ఒకాయన నా వ్యాసంలో ధరలూ విస్తీర్ణాలూ అన్నీ కొట్టేశాడు. ఇప్పుడు ఆ జబ్బు ఇంకా ముదిరింది. బిల్డరు మీద రాస్తే అది విజయగాథ అవ్వాలి. దీపం కింద చదువు, జేబులో వంద రూపాయలు, మొదటి వెంచర్, చివర్లో గుడికో బడికో విరాళం. కథల్లోకి వస్తే ఇంకో ఫ్యాషన్: మెడలో లావుపాటి గొలుసుతో, పేదవాడి ఇల్లు కూల్చే దుర్మార్గుడు. ఈ రెండు రకాలు రాసేవాళ్ళూ ఎన్నడూ రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కినవాళ్ళు కారు. నువ్వు మొదటి ఫ్యాషన్‌లో పడబోతున్నావు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ ఫ్యాషన్‌లో పడే కదా, రౌస్ కట్టించిన దుకాణాల సముదాయం హార్బర్‌ప్లేస్ గురించి సగమే రాశావు. బాల్టిమోర్ రేవు ఒడ్డున 1980 జూలైలో తెరిచారని, జనం విరగబడ్డారని, మరుసటి ఏడు టైమ్ పత్రిక ముఖచిత్రంగా రౌస్‌ను వేసిందని రాశావు. అక్కడితో ఆపేశావు. రౌస్ కంపెనీ 2004లో వేరే వాళ్ళ చేతికి వెళ్ళింది. ఆ దుకాణాలు తర్వాత చేతులు మారి, ఖాళీ అయ్యి, 2019లో కోర్టు నియమించిన రిసీవర్ చేతికి చేరాయి. 2024 నవంబరులో ఊరి ఓటర్లు దాని స్థానంలో కొత్త కట్టడాలకు దారి ఇచ్చారు. ఇది రాస్తే ఆయన తక్కువైపోడు. ఒకే మనిషి రాయించిన ఒక ఏర్పాటు ఎందుకు నిలిచింది, ఇంకోటి ఎందుకు నిలవలేదు అని నువ్వు ఆలోచించాలి. నాకు తోచినంతవరకు, కొలంబియాలో చెరువు అక్కడుండేవాళ్ళ బాధ్యత అయింది. రేవు ఒడ్డు దుకాణాలు అద్దె వచ్చినన్నాళ్ళే బతికాయి.

ఇక రౌస్ చిన్నతనం. 1930లో, పదహారేళ్ళ వయసులో, కొద్ది నెలల తేడాతో అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. మేరీల్యాండ్‌లోనే ఈస్టన్ అనే ఊళ్ళో వాళ్ళ ఇల్లు అప్పు కింద పోయింది. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో, అదీ కామాల మధ్య, చెప్పేశావు. ఇల్లు తాకట్టులో పోగొట్టుకున్న కుర్రాడు పగలు గ్యారేజీలో కార్లు పార్క్ చేసి, రాత్రిపూట లా చదివి, 1939లో ఏ వ్యాపారం పెట్టాడు? ఇళ్ళ మీద అప్పులిచ్చే వ్యాపారం! ఆ మలుపు దగ్గర ఆగకుండా ఎలా వెళ్ళిపోయావమ్మా?

వయసు పైబడ్డాక, వాషింగ్టన్‌లో ఒక చర్చికి చెందిన కొందరు ఆడవాళ్ళు ఆయన దగ్గరికి వచ్చారు. రిట్జ్, మోజార్ట్ అని రెండు పాత అపార్ట్‌మెంట్లు, పేర్లే గొప్ప, లోపల ఎలుకలూ కారే పైకప్పులూ. వాటిని కొని పేదవాళ్ళకి బాగుచేసి ఇస్తామన్నారు. మీ వల్ల కాదు, వద్దన్నాడాయన. వాళ్ళు వెళ్ళి బయానా కట్టేసి మళ్ళీ వచ్చారు. అప్పుడిక కాదనలేక అప్పు ఏర్పాటు చేశాడు. పేదలకు ఇళ్ళు సమకూర్చడానికి 1982లో భార్య ప్యాటీతో కలిసి పెట్టిన ఎంటర్‌ప్రైజ్ ఫౌండేషన్‌కి బీజం అక్కడ పడింది. నువ్వు ఫౌండేషన్ గురించి పేజీన్నర రాశావు, బయానా కట్టిన ఆ ఆడవాళ్ళు మాత్రం నీ వ్యాసంలో లేరు.

బాగున్నది కూడా చెబుతాను. ఆరో పేజీలో మీ అమ్మగారి సంగతి. ఆరు నెలలకని వచ్చి, ఇంట్లో తోచక, సాయంత్రం పూట వీధి చివర ఉత్తరాల పెట్టెల దగ్గరికి నడిచి వెళ్ళడం, అక్కడ నల్లజాతి ముసలావిడతో భాష రాకుండానే స్నేహం కలవడం, వాళ్ళిద్దరూ మోకాళ్ళ నొప్పుల గురించి సైగలతో చెప్పుకోవడం. చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. ఇంటింటికీ పెట్టె పెట్టకుండా అందరివీ ఒకచోట పెట్టించింది ఇరుగుపొరుగు కలుసుకోవాలనేనని నువ్వే నాలుగో పేజీలో రాశావు. ఆ రెండు పేజీలనీ కలిపే దారం నీకు కనబడలేదు. మీ అమ్మగారిని మొదటి పేజీలోకి తీసుకురా.

పుస్తకంగా వేయాలా, ఇంగ్లీషులో కూడా రాయాలా, పోటీకి పంపాలా అని అడిగావు. అవన్నీ తర్వాత. ముందు ఆ ఇంటి కాగితాలు తీసి, పెన్సిలు పట్టుకుని చదువు. మీ ఇల్లున్న చోట 1962లో ఎవరి పొలం ఉండేదో కౌంటీ రికార్డుల్లో దొరుకుతుంది. వెళ్ళి వెతుకు. ఏం వేసేవాళ్ళు ఆ పొలంలో, మొక్కజొన్నా? మీ అమ్మగారు ఈసారి ఎప్పుడొస్తున్నారు? వచ్చాక ఆ పెద్దావిడ ఆ వీధిలోకి ఏ సంవత్సరంలో వచ్చిందో, ఇల్లు కొన్న రోజు ఎవరు తోడు వచ్చారో అడిగి, నాకు రాసి పంపు.