అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ దారిలో ఒకసారి పోయిరా

నాయనా,

చంద్రగిరి దగ్గర చూసిన ఇంటి ఫొటోలు అందాయి. ఇల్లు బాగుంది, కాదనను. రెండు పడక గదులు, ముందర బండి పెట్టుకునే జాగా, కిటికీ తీస్తే కొండ. బాడుగ కూడా తిరుపతిలో అడిగేదానికంటే తక్కువే. అయినా నీ ఫ్యాక్టరీ రేణిగుంటలో, కోడలి డ్యూటీ తిరుపతిలో కాబట్టి అడ్వాన్సు ఇవ్వొద్దు.

1996లో నేనూ ఇదే పని చేశా. రేణిగుంట రోడ్డులో ఒక వర్క్‌షాపులో ఉద్యోగం, చంద్రగిరిలో ఇల్లు. నెలకు 300 మిగులుతుందని మీ పెద్దమ్మకు కాగితం మీద లెక్క రాసి మరీ చూపించా. అందులో సగం బస్సు చార్జీలకు పోయింది, మిగతా సగం బస్సు తప్పిన రోజుల్లో ఆటోలకు పోయింది. పొద్దున ఆరుకు ఇల్లు వదిలితే రాత్రి తొమ్మిదికి చేరేవాణ్ణి. పిల్లలు నా మొహం ఆదివారమే చూసేవాళ్లు. ఒక గరుడసేవ రోజున అయితే జనం కిటకిటలాడి బస్సు ఊళ్లోకే పోలేదు, మధ్యలోనే దించేశారు. నడిచి నడిచి పనికి చేరేసరికి మధ్యాహ్నం. ఆ పూట జీతం కోసేశారు. అగ్రిమెంటు పదకొండు నెలలు నిండిన మరుసటి రోజే తిరుపతిలోని కొర్లగుంటలో సామాన్లు దించాం.

ఇప్పుడు బైపాస్ ఉంది కదా పెద్దనాయనా అంటావు. ఉంది. పగలు బండి మీద పోతే సుఖంగానే ఉంటుంది. కానీ నీకు రాత్రి షిఫ్టు కూడా పడుతుంది. తెల్లవారుజామున నిద్రమత్తులో, లారీల మధ్య, రేణిగుంట నుంచి చంద్రగిరి దాకా 20 కిలోమీటర్లకు పైన బండి తోలుకొస్తావా? ఈ ఒక్క విషయంలో నీతో వాదన పెట్టుకోను.

అసలు నీ ఫ్యాక్టరీ ఎక్కడుందో చూసి ఇల్లు వెతకొద్దు. మీకు కంపెనీ బస్సు ఉందన్నావు. మరి నువ్వు రోజూ చేరాల్సింది ఆ బస్సు ఆగే చోటికే కదా. ఏ షిఫ్టు బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో, ఎన్ని గంటలకు ఆగుతుందో ముందు ఆఫీసులో అడిగి రాసుకో. పగటి షిఫ్టు బస్సూ రాత్రి షిఫ్టు బస్సూ ఒకే దారిలో తిరగాలని లేదు. ఇది చాలామందికి ఇల్లు మారాకే తెలుస్తుంది.

కోడలి సంగతి వేరు. రుయా ఆసుపత్రిలో డ్యూటీ, ఆ అమ్మాయి కోసం ఏ బస్సూ వీధి చివర ఆగదు. అందుకే ఇల్లు ఆమె డ్యూటీకి దగ్గరగా చూడమంటున్నా. నీ బస్సు ఎక్కడైనా ఎక్కొచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు కాబట్టి పగలు ఖర్చు గురించి దిగులు లేదు. రాత్రి డ్యూటీ దిగిన రోజున మాత్రం షేర్ ఆటో కోసం ఒంటరిగా నిలబడాల్సిన దూరంలో ఇల్లు ఉండకూడదు.

ఇంకో మాట. తిరుపతి మధ్యలో రైలు పట్టాలున్నాయి. ఆసుపత్రి పట్టాలకు కొండ వైపు. ఎం.ఆర్.పల్లె, బైరాగిపట్టెడ వైపు ఇల్లు తీసుకుంటే ఆమె రోజూ పట్టాలు దాటాలి. ఎండాకాలంలో అదేం పెద్ద విషయం కాదు. మనకు గట్టి వానలు పడేది కార్తీకంలో కదా, అప్పుడు వెస్ట్ చర్చి దగ్గరి అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలుస్తాయి. 2021 నవంబరు వానలు నువ్వు చిత్తూరులో ఉండి టీవీలో చూశావు, మేం ఇక్కడ మోకాళ్ల లోతు నీళ్లలో చూశాం.

మరి ఆసుపత్రి వైపే కదా అని కపిలతీర్థం, అలిపిరి పక్కనే తీసుకుందామా అంటే అక్కడ బాడుగలు మనకు అందవు. పైగా యాత్రికుల బండ్లు. 2023లో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ తెరిచాక పై నుంచి పోయేవాళ్లు పోతున్నారు గానీ, తమిళుల పెరటాసి నెల శనివారాల్లో కింద రోడ్డు దాటడానికి ఇప్పటికీ ఓపిక కావాలి. నాకైతే లీలామహల్ సర్కిల్ నుంచి కరకంబాడి రోడ్డు వైపు, కొర్లగుంట చుట్టుపక్కల వెతికితే మేలనిపిస్తోంది. ఆమెకు ఆసుపత్రి దగ్గర. ఆ రోడ్డు మంగళం, కరకంబాడి మీదుగా రేణిగుంటకే పోతుంది, నీ బస్సు అటు వస్తుందేమో కనుక్కో.

ఇల్లు నచ్చితే ఆదివారం మధ్యాహ్నం చూసి మురిసిపోవద్దు. ఆదివారం అన్ని ఇళ్లూ ఆఫీసుకు దగ్గరే. మంగళవారమో బుధవారమో మీ షిఫ్టు వేళకు ఆ ఇంటి గేటు దగ్గర నుంచి బయలుదేరి, ఒకసారి బస్సు ఆగే చోటికి, ఒకసారి ఆసుపత్రికి పోయి రండి. గడియారం చూసుకోండి. రాత్రి పదికి కూడా ఒకసారి ఆ వీధిలో నడువు. దీపాలున్నాయా, కుక్కలెన్ని ఉన్నాయి, అంతా అప్పుడే తెలుస్తుంది.

నీళ్లు, కరెంటు మీటరు సంగతి మీ అమ్మ చూసుకుంటుంది, నేను చెప్పక్కర్లేదు. షిఫ్టు మనుషులు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఓనరు రాత్రి గేటుకు తాళం వేస్తాడా, వేస్తే మీకొక తాళంచెవి ఇస్తాడా? మేమున్న ఒక ఇంట్లో పదికి తాళం పడేది. అర్ధరాత్రి వచ్చి గోడ దూకుతుంటే వీధివాళ్లు దొంగ దొంగ అని అరిచారు, మీ పెద్దమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. ఇంకా, పక్కన కల్యాణ మండపం ఉందేమో చూడు. రాత్రి పని చేసి పగలు పడుకునేవాడికి మేళాల పక్కన నిద్ర పట్టదు.

ఆ చంద్రగిరి ఆయనకు ఫోన్ చేసి, ఇంట్లో పెద్దవాళ్లు వద్దన్నారని నా మీద తోసెయ్. బస్సు ఆగే చోట్లు రాసిన కాగితం ఫొటో తీసి పంపు. బుధవారం నేను ఖాళీనే, స్కూటర్ తీసుకొని కొర్లగుంటకు వస్తా, ముగ్గురం కలిసి టులెట్ బోర్డులు చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దనాయన