జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చెల్లదన్నారు.. ప్రొఫెసర్ పదోన్నతి ఆగింది

ప్రశ్న: ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ అసోసియేట్ ప్రొఫెసర్‌ని. పరిశోధనకు 132 పాయింట్లు చూపించి ప్రొఫెసర్ పదోన్నతికి దరఖాస్తు చేశాను. అందులో 33 పాయింట్లు 2021 మార్చిలో వచ్చిన నా వ్యాసానివి. ఆ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7.4 అని వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) గుర్తించిన జర్నళ్ల జాబితా అయిన కేర్‌లో లేదంటూ స్క్రీనింగ్ కమిటీ సున్నా వేసింది, 99 దగ్గర ఆగిపోయాను. జాబితా నుంచి జర్నల్‌ను తీసేసింది 2021 అక్టోబరులో. విభాగాధిపతికి నేనంటే గిట్టదు. ఏడాదిన్నరగా వినతులు ఇస్తూనే ఉన్నాను. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7.4 అని పాత తేదీతో సర్టిఫికెట్ ఇస్తామని జర్నల్ వాళ్లు అంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: విభాగాధిపతి సంగతి పక్కన పెట్టండి. పిటిషన్‌లో కక్ష అని రాస్తే దాన్ని నిరూపించే భారం మీదే. మీ కేసు తేలేది ఒక్క చోట: 2021 మార్చిలో ఆ జర్నల్ కేర్ జాబితాలో ఉందా, లేదా?

7.4ను వదిలేయండి. 2018 యూజీసీ నిబంధనల రెండో పట్టిక ప్రకారం ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను థామ్సన్ రాయిటర్స్ జాబితా నుంచే తీసుకోవాలి. ఆ జాబితాను ఇప్పుడు క్లారివేట్ అనే సంస్థ ఇస్తోంది. డబ్బు కడితే అంకె ఇచ్చే సంస్థలు బోలెడున్నాయి, అవి చెల్లవు. దరఖాస్తు పెట్టే ముందు మీ లైబ్రేరియన్‌ని ఒక్క మాట అడిగి ఉండాల్సింది. ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నవారు హోంపేజీ మీది అంకె నమ్మి, ఆ 33లో 25 పాయింట్లు దాని పేరునే వేసుకోవడం ఏమిటి?

అసలు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే గత రెండేళ్లలో ఆ జర్నల్ వేసిన వ్యాసాలను ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు ఉటంకించారన్న లెక్క. నాలుగు వ్యాసాలకు వందల్లో ఉటంకింపులు వస్తే మొత్తం సగటు పెరిగిపోతుంది. అది మీ వ్యాసం నాణ్యతకు సాక్ష్యం కాదు. పరిశోధనను ఎలా మదింపు చేయాలన్న దానిపై 2012 శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన చెప్పిందీ అదే. మనిషి పదోన్నతికి దీన్ని కొలబద్దగా పెట్టడం తప్పని నా అభిప్రాయం కూడా. అయినా నిబంధన ఉన్నంతకాలం కోర్టు దాన్నే చూస్తుంది. వ్యాసం ఎంత గొప్పదో జడ్జి తేల్చరు, కమిటీ నిబంధన తప్పిందా అన్నదే తేలుస్తారు.

తప్పింది ఇక్కడ. ప్రచురణ నాటికి జర్నల్ జాబితాలో ఉంటే, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేకపోయినా సైన్స్ వ్యాసానికి 8, దానిపై మరో 5 రావాలి. 99కి ఆ 13 కలిపితే 112. ప్రొఫెసర్‌కు కావాల్సింది 110. మీరు పంపిన వినతుల్లో ఈ 13ను ఒక్కచోటా అడగలేదు, అన్నిట్లో 33 కోసమే పట్టుబట్టారు.

ఇంకో సంగతి మీరు చెప్పలేదు. వ్యాసంలో మరొకరి పేరుందా? ఇద్దరు రచయితలైతే ఒక్కొక్కరికి 70 శాతమే. అప్పుడు మీ వాటా 9.1, మొత్తం 108.1. కేసు అక్కడితో ఆగిపోతుంది. ముందు అది చూసుకోండి.

సర్టిఫికెట్ జోలికి వెళ్లొద్దు. పాత తేదీతో పుట్టించిన కాగితం భారతీయ న్యాయ సంహిత 336 కింద ఫోర్జరీ. అది దొంగదని తెలిసీ దాఖలు చేస్తే 340 కింద మీరూ ముద్దాయే. పదోన్నతి మాట అటుంచి ఉన్న ఉద్యోగమే పోతుంది.

కేర్ జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది. వ్యాసం వచ్చిన రోజే ఆ పేజీ ప్రింటు తీసి పెట్టుకోని నిర్లక్ష్యం మీది. ఇప్పుడు సమాచార హక్కు కింద యూజీసీని ఒకే ప్రశ్న అడగండి: ఈ ఐఎస్ఎస్ఎన్ (జర్నల్ గుర్తింపు సంఖ్య) గల జర్నల్ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా జాబితాలో ఉంది? అలాగే కమిటీ మినిట్స్ (సమావేశంలో రాసుకున్న నిర్ణయాలు) కోసం విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టండి. గడువు 30 రోజులు, జవాబు రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. మీ వ్యాసం మీది ఐఎస్ఎస్ఎన్, వెబ్‌సైట్ చిరునామా జాబితాలోని వాటితో సరిపోవాలి. అసలు జర్నల్ పేరుతో నడిచే నకిలీ సైట్‌లో అచ్చయి ఉంటే నేనూ ఏం చేయలేను. వ్యాసం తీసుకున్నామంటూ జర్నల్ పంపిన ఈమెయిల్ దాఖలు చేసేటప్పుడు, భారతీయ సాక్ష్య అధినియమం 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్ జతచేయాలి.

హైకోర్టులో వేసే రిట్ పిటిషన్‌కు ఇన్ని రోజులని గడువు లేదు గానీ, ఆలస్యాన్ని కోర్టు అడుగుతుంది. వినతుల మీద వినతులు పెట్టినంత మాత్రాన కాలం ఆగదని 2008లోనే సి.జాకబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. యూజీసీ జవాబు రాగానే 13 పాయింట్లకే పరిమితమైన ఒక్క వినతి ఇచ్చి, 15 రోజుల్లో తేల్చకపోతే హైకోర్టుకు వెళ్లండి. కొత్తగా దరఖాస్తు చేసి నెగ్గితే పదోన్నతి ఆ తర్వాతి తేదీ నుంచే లెక్కిస్తారు. కాబట్టి పాత తిరస్కరణనే సవాలు చేయండి. ప్రొఫెసర్‌ని చేయమని అడగొద్దు. 13 పాయింట్లు కలిపి మళ్లీ పరిశీలించాలని, అర్హత తేలితే మొదటి తేదీ నుంచే అమలు చేయాలని కోరండి.