లెక్కల కోర్సు సొంత వేగంతో పూర్తి చేయగలనా?

ప్రశ్న: చదువు ఆపి ఆరేళ్లయింది. ఇప్పుడు నర్సింగ్‌లో చేరాలనుకుంటున్నాను. కాలేజీ పెట్టిన పరీక్షలో లెక్కల్లో మార్కులు తక్కువ రావడంతో, ముందు ప్రాథమిక అంకగణితం కోర్సు పూర్తి చేయమన్నారు. రోజూ క్లాసుకైనా వెళ్లొచ్చు, లేదా ఎవరి వేగంతో వాళ్లు కంప్యూటర్‌లో చదువుకోవచ్చట. ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి రెండోదే నయమనిపిస్తోంది. కానీ ఒక్కదాన్నే పూర్తి చేయగలనా అని టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: సొంత వేగంతో చదివే కోర్సే తీసుకోండి. కాకపోతే వారంలో ఏ రోజుల్లో, ఏ గంటల్లో కూర్చుంటారో చేరకముందే రాసిపెట్టుకోండి. ఈ పద్ధతిని 1960లలో ప్రచారంలోకి తెచ్చిన వారిలో ఫ్రెడ్ కెల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ముఖ్యుడు. పాఠాన్ని చిన్న భాగాలుగా విడగొట్టి, ఒకటి బాగా వచ్చాకే తర్వాతి దానికి పంపాలన్నది ఆయన పద్ధతి. అది మంచి ఫలితాలే ఇచ్చింది. అయితే మొదటి నుంచీ దానికి ఒక ఇబ్బంది ఉంది: రేపు చేద్దాంలే అని వాయిదా వేసేవాళ్లు వెనకబడిపోతారు. మీరు భయపడాల్సింది లెక్కలకు కాదు, ఆ వాయిదాలకు.

కూడికలు, తీసివేతలు మీకు వచ్చే ఉంటాయి. అక్కడ ఆగకుండా పరీక్ష రాసేసి ముందుకు వెళ్లండి. అలా మిగిలిన సమయమంతా భిన్నాలకు ఇవ్వండి. చాలామంది లెక్కలకు దూరమయ్యేది అక్కడే. 1/2కు 1/3 కలిపితే 2/5 అని రాసేవాళ్లు ఎంతోమంది. పైవి పైవాటికి, కిందివి కిందివాటికి కలిపేస్తారు. కానీ 2/5 అంటే సగం కన్నా తక్కువ. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గుతుందా? ఈ ప్రశ్న వేసుకునే అలవాటు ఉంటే తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది. హారాలు సమానం చేస్తే 3/6, 2/6 అవుతాయి, మొత్తం 5/6. ప్రతి లెక్కకూ ముందు జవాబు సుమారుగా ఎంత ఉండాలో ఊహించండి, తర్వాతే చేయండి. కంప్యూటర్ తప్పు అని చూపిస్తుంది గానీ, మీరు ఏమనుకుని తప్పు చేశారో దానికి తెలియదు. అందుకే ఒక నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి మెట్టూ చేత్తో రాయండి.

ఇది కేవలం దాటాల్సిన గడప అనుకోకండి. డాక్టరు 375 మిల్లీగ్రాముల మందు రాశారు. సీసా మీద 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు అని ఉంది. ఎంత ఇవ్వాలి? 375లో 125 మూడుసార్లు ఉంది కాబట్టి 15 మిల్లీలీటర్లు. ఇది ఈ కోర్సులో నేర్చుకునే అనుపాతమే. దశాంశ బిందువు ఒక్క స్థానం కుడికి జరిగితే మోతాదు పదింతలవుతుంది. అందుకే మందుల మోతాదు రాసేటప్పుడు బిందువు ముందు సున్నా తప్పకుండా పెట్టి 0.5 అని రాయాలని, 5 అని రాయాల్సిన చోట 5.0 అని రాయకూడదని నేర్పిస్తారు. ఆరేళ్ల తర్వాత మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటున్నందుకు సిగ్గుపడకండి. ఈ పునాది గట్టిగా ఉన్న నర్సు చేతిలో రోగి క్షేమంగా ఉంటాడు.

ఫీజు కట్టే ముందు కాలేజీలో కొన్ని విషయాలు అడగండి. కోర్సుకు చివరి తేదీ ఎప్పుడు? అప్పటికి పూర్తికాకపోతే ఆగిన చోటు నుంచి కొనసాగించవచ్చా, మళ్లీ మొదటి నుంచి కట్టాలా? భాగం దాటడానికి ఎంత శాతం రావాలి, ఎన్నిసార్లు రాయనిస్తారు? ఈ కోర్సు మార్కులు నర్సింగ్ చదువులో కలుస్తాయా? చాలాచోట్ల ఇలాంటి కోర్సులు కలవవు, అర్హత కోసమే ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, అర్థం కానప్పుడు అడగడానికి మనిషి ఉంటారా, మీ డ్యూటీ అయ్యాక ఉండే వేళల్లో దొరుకుతారా అని కనుక్కోండి. అలా ఎవరూ దొరకరంటే మాత్రం డ్యూటీ వేళలు మార్చుకునైనా క్లాసుకే వెళ్లండి.