చివరి పాటలో గరగర ఎందుకు? కార్ట్రిడ్జ్ బిగింపుపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: రికార్డ్ ప్లేయర్‌కు కొత్త కార్ట్రిడ్జ్ (సూదిని పట్టి ఉంచే చిన్న డబ్బా) పెట్టాక ఎల్పీ మొదటి పాటలు శుభ్రంగా వినిపిస్తున్నాయి. చివరి పాటకొచ్చేసరికి 'స', 'ష' అక్షరాలు గరగరలాడుతున్నాయి. హెడ్‌షెల్‌లో (ఆర్మ్ కొసన కార్ట్రిడ్జ్‌ను బిగించే భాగంలో) తిన్నగానే బిగించాను. సూది పాడయిందంటారా?

జవాబు: సూదిని అనుమానించే ముందు బిగింపు చూడండి. 33⅓ వేగంలో రికార్డు బయటి అంచున గాడి సూది కింద సెకనుకు సుమారు అర మీటరు జారుతుంది. లోపలి చివర 21 సెంటీమీటర్లే. అంతే సంగీతం సగం కంటే తక్కువ జాగాలో ఇరుక్కుంటుంది కనుక, సూది ఒకింత వంకరగా ఉన్నా ముందు దొరికిపోయేది అక్కడే.

టోన్‌ఆర్మ్ (సూదిని మోసే చేయి) ఒక ఇరుసు మీద తిరుగుతుంది. అందుకని సూది గాడికి కచ్చితంగా వరసన ఉండేది రికార్డంతటిలో రెండే చోట్ల. ఈ బిందువులను నిర్ణయించే లెక్కల్లో ఒకటైన బేర్వాల్డ్ లెక్కలో అవి కేంద్రం నుంచి 66, 120.9 మి.మీ. దూరంలో ఉంటాయి. ఈ రెండు బిందువులూ ఉన్న ప్రొట్రాక్టర్ (కార్ట్రిడ్జ్ కోణం సరిచూసే గీతల పలక) వాడండి. కాగితం మీద ప్రింటు తీసుకుంటే దాని మీది కొలత గీతను స్కేలు పెట్టి చూడండి. ప్రింటర్ చెప్పకుండా సైజు తగ్గించేస్తుంటుంది. దాని మధ్య రంధ్రం కూడా స్పిండిల్‌కు (రికార్డును తొడిగే మధ్య కడ్డీకి) బిగుతుగా పట్టాలి.

ముందుగా ట్రాకింగ్ ఫోర్స్ (సూది రికార్డు మీద మోపే బరువు) పెట్టుకోండి. బరువు పడితే కాంటిలివర్ (సూది మొనను మోసే సన్నని పుల్ల) కాస్త వంగి సూది మొన జరుగుతుంది, కాబట్టి బరువు లేకుండా కొలిచిన కొలత చెల్లదు. యాంటీస్కేటింగ్ (ఆర్మ్ లోపలికి లాక్కుపోకుండా ఆపే సర్దుబాటు) సున్నాకు తిప్పండి. వేలితో నెడితే కార్ట్రిడ్జ్ కదలాలి, వదిలేస్తే ఆగాలి. స్క్రూలు అంతవరకే బిగించండి. లోపలి బిందువు మీద సూది దించి గీతలకు సరిచేశాక, బయటి బిందువు దగ్గర చూడండి. అక్కడ కార్ట్రిడ్జ్ ముందు భాగం స్పిండిల్ నుంచి బయటికి తిరిగి కనబడితే ఓవర్‌హ్యాంగ్ (సూది మొన స్పిండిల్‌ను దాటి ముందుకు వెళ్లే దూరం) చాలలేదు: కార్ట్రిడ్జ్‌ను ముందుకు జరపండి. స్పిండిల్ వైపు తిరిగి ఉంటే వెనక్కి లాగండి. జరిపిన ప్రతిసారీ లోపలి బిందువు నుంచి మళ్లీ మొదలు. విసుగు పుట్టించే పనే, కానీ దీనికి అడ్డదారి లేదు.

చాలామంది పొరబడేది ఇంకోచోట. గీతలకు సమాంతరంగా పెట్టాల్సింది కార్ట్రిడ్జ్ డబ్బాను కాదు, కాంటిలివర్‌ను. డబ్బాలో కాంటిలివర్ ఒక పిసరు పక్కకు ఉండటం అరుదేమీ కాదు. భూతద్దంతోనో ఫోన్ కెమెరా జూమ్‌తోనో ఎదురుగా, సరిగ్గా మధ్య నుంచి చూడండి. మీరు తిన్నగా బిగించింది డబ్బానే అయితే గరగరకు కారణం అదే కావచ్చు.

ఆఖరున బిగించేటప్పుడు స్క్రూ తిరుగుతూ కార్ట్రిడ్జ్‌ను కూడా తిప్పేస్తుంది. సూదికి తొడుగు వేసి, రెండు స్క్రూలనూ మార్చి మార్చి పావు మలుపు చొప్పున బిగించి, మళ్లీ కొలవండి. గట్టిగా బిగిస్తే ధ్వని మెరుగవుతుందని బలం చూపకండి, ప్లాస్టిక్ ఒళ్లు పగులుతుంది. లోపల అయస్కాంతం ఉంటుంది కనుక ఇనుప స్క్రూడ్రైవర్ లటుక్కున సూది మీదికి లాక్కుపోగలదు. అయస్కాంతానికి అంటని పనిముట్టు మంచిది.

ప్రశ్న: టెక్నిక్స్ ఎస్ఎల్-1200 టర్న్‌టేబుల్ ఉంది. హెడ్‌షెల్ రబ్బరు వాషర్ నుంచి సూది మొనకు 52 మి.మీ. పెట్టమంటారు. బేర్వాల్డ్ ప్రొట్రాక్టర్‌తో చూస్తే కుదరడం లేదు. ఏది తప్పు?

జవాబు: ఏదీ కాదు. 52 మి.మీ. పెడితే ఆ ఆర్మ్‌కు తయారీదారు నిర్ణయించిన 15 మి.మీ. ఓవర్‌హ్యాంగ్ వస్తుంది, దాని బిందువులు వేరు. బేర్వాల్డ్ కావాలంటే కార్ట్రిడ్జ్‌ను ఇంకొంచెం ముందుకు జరిపి, హెడ్‌షెల్‌లో స్వల్పంగా తిప్పాలి. రెంటిలో ఏదైనా సరే. ఒకదాని దూరం, మరొకదాని కోణం కలిపితేనే చెడుతుంది.

ప్రశ్న: ఒక్క వైపే శబ్దం వస్తోంది.

జవాబు: కార్ట్రిడ్జ్ వెనక పిన్నులకు తగిలించే తీగల రంగులు చూడండి: తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. వదులైన క్లిప్పును సన్న పట్టకారుతో కొద్దిగా నొక్కండి, అయితే ముందు పిన్ను నుంచి తీసి. తీగను పట్టుకుని లాగకండి. పిన్నుకు సోల్డర్ పెట్టొద్దు, ఆ వేడికి లోపలి కాయిల్ పోతుంది.

ప్రశ్న: రికార్డులు అరగకుండా ట్రాకింగ్ ఫోర్స్ తగ్గించవచ్చా?

జవాబు: వద్దు. తేలిక సూది పెద్ద శబ్దాల దగ్గర గాడి గోడను వదిలి ఎగిరి మళ్లీ గుద్దుకుంటుంది, అసలు నష్టం దానితోనే. ఉదాహరణకు ఆడియో-టెక్నికా విఎం95ఈ కార్ట్రిడ్జ్‌కి 1.8 నుంచి 2.2 గ్రాములు చెప్పారు. 2 గ్రాములు పెట్టండి. చిటచిటలుంటే 2.1కి వెళ్లండి, 1.8కి కాదు. ఆర్మ్ మీది అంకెల కన్నా చిన్న డిజిటల్ కాటా నమ్మదగ్గది, కాకపోతే దాని పళ్లెం రికార్డు ఎత్తులోనే ఉండాలి.