ఇన్యులిన్‌తో కడుపుబ్బరం: మోతాదు ఇలా సరిచేసుకోండి

బరువు తగ్గడానికి చికోరీ వేరు ఇన్యులిన్ (ఒక రకం పీచు పదార్థం) పొడి రోజుకు 15 గ్రాములు మొదలెట్టారని, నాలుగో రోజుకే పొట్ట డోలులా ఉబ్బిందని రాశారు. తప్పు పొడిది కాదండీ, మోతాదుది. ఇన్యులిన్ చిన్నపేగులో అరగదు. పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది, ఆ గ్యాసే మీ ఉబ్బరం.

ముందు రెండు రోజులు ఆపేయండి. తర్వాత 2 గ్రాములు మజ్జిగలో కలిపి, అన్నం తిన్నాక తాగండి. చెంచా లెక్క వద్దు, చిన్న కాటా మీద తూచండి. వారానికి 2 గ్రాముల చొప్పున పెంచి, 8-10 దగ్గర ఆగి, పొద్దున సగం రాత్రి సగం తీసుకోండి. ఉబ్బరం తిరగబెడితే కిందటి వారం మోతాదుకు దిగండి. ఉల్లి, వెల్లుల్లిలోనూ ఇన్యులిన్ ఉంటుంది కాబట్టి ఉల్లిపాయ పులుసు దండిగా తిన్న రోజు పొడి మానేసినా నష్టం లేదు.

ఇక బరువు సంగతి. ఊబకాయమున్న 30 మంది మహిళలపై 2013లో వెలువడిన అధ్యయనంలో, 3 నెలలు రోజుకు 16 గ్రాములు తీసుకున్నవారిలో పేగుకు మేలు చేసే బైఫిడోబాక్టీరియం అనే బ్యాక్టీరియా పెరిగింది, బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. డబ్బా మీది ప్రకటన నమ్మి అన్నం కొలత మర్చిపోవద్దు.

షుగర్ మందు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే అదీ గ్యాస్, విరేచనాలు తెస్తుంది. రెండింటి మోతాదూ ఒకే వారంలో పెంచకండి.